మడమ నొప్పితో మెట్లెక్కేది ఎలా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి వేయొద్దన్నారు. వయసు 44. పట్టుచీరల అంగట్లో పదకొండేళ్లుగా సేల్స్ పని. పొద్దున పదింటికి లోపలికి అడుగుపెడితే రాత్రి తొమ్మిది దాకా గ్రానైట్ నేల మీద వట్టికాళ్లతో నిలబడాలి. చెప్పులు బయటే విడవాలి. పోయిన శ్రావణమాసం రద్దీలో కుడి మడమ నొప్పి మొదలైంది. "పొద్దున మంచం దిగి కాలు కింద పెడితే మేకు దిగినట్టు ఉంటుంది. గోడ పట్టుకొని బాత్రూమ్‌కు పోతాను. పది నిమిషాలు ఇంట్లో అటూ ఇటూ తిరిగితే కొంచెం సర్దుకుంటుంది. మధ్యాహ్నం అన్నం తిని లేస్తే మళ్లీ అదే కథ. రాత్రి ఇంటికొచ్చేసరికి గుదికాలు పీకేస్తా ఉంటుంది" అని రాశారు.

కార్తీకంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, మడమ ఎముకకు ముల్లు పెరిగిందని చెప్పి ఇంజెక్షన్ వేశారు. రెండు నెలలు హాయిగా ఉంది. సంక్రాంతి దాటాక నొప్పి తిరిగొచ్చింది. ఇప్పుడు ఇంకో ఇంజెక్షన్, దానికీ తగ్గకపోతే ఆపరేషన్ అంటున్నారట. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. డ్యూటీకి ముందు రోజూ మెడికల్ షాపులో కొన్న నొప్పి మాత్ర ఒకటి వేసుకుంటున్నారు. అత్తగారు ఇటుకరాయి కాల్చి, దాని మీద జిల్లేడాకు పరిచి మడమ ఆనించమంటే అదీ చేశారు.

ఇక మొక్కు సంగతి. కూతురికి ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి కొండెక్కుతానని దీపావళి నాడు మొక్కుకున్నారు. సంక్రాంతి వారంలో బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఉగాది లోపల మొక్కు తీర్చాలని అత్తగారి పట్టు. "మొక్కు ఆలస్యం చేసినావు కాబట్టే స్వామి నీ కాలు పట్టుకున్నాడు" అంటున్నారట. కొండ మీదికి జీపు నడిపే భర్తేమో "నా బండిలో కూర్చో, దేవుడేమన్నా మెట్లు లెక్కపెడతాడా" అంటారట. పక్కింటామె అసలు నడవనే వద్దంటోంది. "ఎవరి మాట వినాల? ఆపరేషన్ చేయించుకోవాల్నా, పని మానుకోవాల్నా, మొక్కు ఏం చేయాల?" అని అడిగారు.

మీ ఉత్తరంలో గుదికాలు అన్న మాట చూసి కాసేపు ఆగిపోయాను. మా అమ్మమ్మ పోయాక ఆ మాట వినడం తగ్గింది. ఇప్పుడందరూ హీల్ పెయిన్ అనేవాళ్లే.

అయితే నన్ను అంతకన్నా ఎక్కువసేపు ఆపిన వాక్యం ఇంకొకటి ఉంది. మూడో పేజీలో, ఇటుకరాయి సంగతి చెబుతూ మామూలుగా రాసేశారు: "ఒకసారి బొబ్బ లేచింది, తెల్లారి చూసుకునేదాకా నాకు తెలీలేదు." మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పే ముందు దీని గురించి మాట్లాడాలి. కాలిన చోట బొబ్బ లేస్తే మామూలుగా ఆ క్షణమే చురుక్కుమని తెలియాలి. తెలియలేదంటే, ఆ రోజు బాగా అలసిపోయి గమనించలేదని అనుకోవచ్చు. లేదా నాలుగేళ్ల షుగర్ వల్ల అరికాలి నరాలకు స్పర్శ తగ్గడం మొదలై ఉండొచ్చు. మడమ లోపల మేకులా పొడుస్తూనే పైచర్మానికి స్పర్శ తగ్గి ఉండటం విచిత్రంగా అనిపిస్తుంది గానీ, రెండూ ఒకే కాలిలో ఉండగలవు.

దీన్ని తేల్చుకోవడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. నైలాన్ దారం లాంటి సన్నని తీగతో అరికాలి మీద అక్కడక్కడా తాకించి, మీరు కళ్లు మూసుకుని ఉండగా తెలుస్తోందా లేదా అని అడుగుతారు. రెండు మూడు నిమిషాల పని. మీ ఊళ్లో రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ఎముకలకూ కీళ్లకూ ప్రత్యేకంగా టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ఉంది. మూడూ అలిపిరి పోయే దారిలోనివే. వెళ్లినప్పుడు మడమ నొప్పి అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. "షుగర్ ఉంది, బొబ్బ లేస్తే తెలియలేదు, పాదాల స్పర్శ చూడండి" అని నోరు తెరిచి అడగండి. అడక్కపోతే రద్దీలో ఆ పరీక్ష తప్పిపోతుంది. దాంతోపాటు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల కోసం క్రియాటినిన్ కూడా చేయించండి. ఈ రెండోది ఎందుకో తర్వాత చెబుతాను.

అప్పటిదాకా ఇటుకరాయి వద్దు. అత్తగారి మీద కోపంతో అంటున్న మాట కాదు. వేడికి కండరాలు సడలి కాసేపు సుఖంగా ఉండే మాట నిజమే, మన ఇళ్లలో తరతరాలుగా చేస్తున్నదే. కానీ షుగర్ ఉన్న కాలికి అంత వేడి తగలనివ్వకూడదు. జిల్లేడు పాలు చర్మం మీద పడితే మండి పుండవుతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. ఆకు తుంచిన చేత్తో కళ్లు నలుపుకునేవాళ్లను చూస్తే నాకు భయం. ఆవిడ మీ కాలి కోసం ఏదో ఒకటి చెయ్యాలని తపన పడుతుంటే, రాత్రి పడుకోబోయే ముందు మీ రెండు అరికాళ్లూ దీపం వెలుతురులో చూసి పుండూ, పగులూ, ఎరుపూ ఏమైనా ఉన్నాయేమో చెప్పే పని అప్పగించండి. మన అరికాలు మనకు సరిగ్గా కనపడదు కదా. ఆ పని ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చేస్తారని నాకు నమ్మకం.

ఇక నొప్పి దగ్గరికి వద్దాం. మీరు రాసిన తీరు, అంటే పొద్దుటి మొదటి అడుగు, కూర్చుని లేచినప్పుడు పోటు, నాలుగడుగులు వేశాక సర్దుకోవడం, రోజు గడిచాక మళ్లీ పీకడం, ఇవన్నీ చూస్తే ఇది మడమ శూల. డాక్టర్లు ప్లాంటార్ ఫేసియైటిస్ అంటారు. మీ వయసుకు, అంటే నలభై నుంచి అరవై మధ్య, ఇది మరీ ఎక్కువ. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పదిమందిలో ఒకరికి వస్తుందని లెక్క. వేలితో మడమ కింద, లోపలి అంచుకు దగ్గరగా, అరికాలి గుంత మొదలయ్యే చోట నొక్కి చూడండి. అక్కడే ప్రాణం పోయినట్టుంటే అనుమానం దాదాపు తీరినట్టే.

అదేమిటో మీ చేత్తోనే తెలుసుకోవచ్చు. మంచం మీద కూర్చుని కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకోండి. ఒక చేత్తో కాలి వేళ్లను వెనక్కి, పాదం పైవైపుకు వంచండి. రెండో చేతి బొటనవేలితో అరికాలి మధ్యలో తడమండి. మగ్గం మీద పోగులు బిగించినట్టు ఒక పట్టీ గట్టిగా తగులుతుంది. మడమ ఎముక దగ్గర మొదలై వేళ్ల మొదళ్ల దాకా, విల్లుకు నారి కట్టినట్టు ఉంటుంది అది. నిలబడినప్పుడల్లా మీ బరువు ఆ నారి మీద పడుతుంది. చీరల అంగట్లో ఉన్నారు కాబట్టి మీకు ఇంకా బాగా తెలిసేలా చెబుతాను. పట్టుచీరను ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే ఎక్కడ చిరుగుతుంది? మడత దగ్గర. ఈ పట్టీ కూడా అంతే. మడమ ఎముకకు అతుక్కున్న చోటే పోగులు నలిగి, చీకి, సన్నగా చిట్లుతాయి. రాత్రి పడుకున్నప్పుడు పాదం ముందుకు వాలి పట్టీ ముడుచుకుంటుంది. మానడానికి ప్రయత్నించే ఆ పోగులను పొద్దున మొదటి అడుగుతో ఒక్కసారిగా లాగేస్తాం. అదే మీ మేకు.

మరి ఎక్స్‌రేలో కనిపించిన ముల్లు? అందరూ దాన్ని చూసే భయపడతారు. కాలు కింద పెట్టినప్పుడల్లా అది మాంసంలోకి దిగుతోందని ఊహించుకుంటారు. నిజానికి ఆ ముల్లు కిందికి ఉండదు, ముందుకు, వేళ్ల వైపు తిరిగి ఉంటుంది. మడమ నొప్పి అన్నది ఎరగనివాళ్లకు ఎక్స్‌రే తీసినా చాలామందిలో ఇలాంటి ముల్లు కనపడుతుంది. అది ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగేది, శ్రావణమాసంలో మొలిచింది కాదు. నా మాట పక్కన పెట్టి మీ ఉత్తరమే చూడండి. ఇంజెక్షన్ వేయించుకున్నాక రెండు నెలలు హాయిగా ఉందన్నారు. ఆ రెండు నెలలు ముల్లు ఎక్కడికి పోయింది? అక్కడే ఉంది. నొప్పి మాత్రం లేదు. కాబట్టి దాన్ని కోసి తీసేస్తే తప్ప నయం కాదన్న భయం వదిలేయండి.

మొక్కుకూ నొప్పికీ ముడిపెట్టిన మాటకు కూడా జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. నొప్పి మొదలైంది శ్రావణంలో. మొక్కుకున్నది దీపావళికి. మొక్కే లేనప్పుడు వచ్చిన నొప్పి మొక్కు ఆలస్యమైనందుకు శిక్ష ఎలా అవుతుంది? వరలక్ష్మీ వ్రతం అమ్మకాలు, పెళ్లిళ్ల సీజను, రోజుకు పదకొండు గంటలు రాతి నేల మీద వట్టికాళ్లు. నాకు కారణం అక్కడ కనిపిస్తోంది. అత్తగారితో వాదనకు దిగమని చెప్పను, ఈ తేదీలు మాత్రం మీ మనసులో పెట్టుకోండి. రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు పనికొస్తాయి.

వైద్యంలో మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి. ఇంజెక్షన్‌తోనే మొదలుపెడదాం, మీకు అలవాటైంది అదే కాబట్టి. అది స్టెరాయిడ్. నొప్పిని త్వరగా అణుస్తుంది, కొన్ని వారాలో, రెండు మూడు నెలలో. చీకిన పట్టీని బాగుచేయడం దాని పని కాదు. మళ్లీ మళ్లీ వేస్తే పట్టీ తెగే ప్రమాదం ఉంది. మడమ కింద మెత్తలా ఉండే కొవ్వు పొర పలచబడే ప్రమాదమూ ఉంది. ఆ పొర పోతే రాతి నేల మీద నిలబడటం ఇంకా నరకం. పైగా షుగర్ ఉన్నవాళ్లకు వేసిన కొద్దిరోజులు షుగర్ పైకి పోతుంది. ఇన్ని చెప్పినా, ఇంజెక్షన్ తప్పని నేను అనను. నొప్పి వల్ల వ్యాయామం మొదలుపెట్టడమే కుదరనప్పుడు, షుగర్ అదుపులో ఉంటే, డాక్టరు ఆలోచించి ఇంకొకటి వేయొచ్చు. వేయించుకున్నాక, నొప్పి లేదు కదా అని ఆ వారమే మెట్లు ఎక్కేస్తే మాత్రం కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంజెక్షన్‌కు ముందు దసరా దీపావళి అమ్మకాల్లో నిలబడినట్టే, పోయినసారి ఆ రెండు నెలల సుఖంలో మీరు సంక్రాంతి అమ్మకాల్లోనూ నిలబడ్డారు.

ఆపరేషన్ అన్నది చాలా దూరం. అన్ని పద్ధతులూ కనీసం ఆరు నెలలు, చాలాచోట్ల ఏడాది, సరిగ్గా పాటించినా తగ్గని కొద్దిమందికి ఆలోచించేది అది. మీకు నొప్పి మొదలై ఏడు నెలలు దాటిన మాట నిజమే. కానీ ఆ ఏడు నెలల్లో మాత్రలు, ఒక ఇంజెక్షన్, ఇటుకరాయి తప్ప ఇంకేం జరిగింది? ఒక్క వ్యాయామం నేర్పించలేదు, చెప్పుల గురించి ఎవరూ అడగలేదు. షాక్‌వేవ్ అని, మడమలోకి ధ్వని తరంగాలు పంపే ఇంకో వైద్యం ఉంది, మొండి నొప్పులకు కొందరికి పనిచేస్తుంది. దానికీ ఇప్పుడే తొందర లేదు.

రోజూ మాత్ర సంగతి. ఈ ఉత్తరం మొత్తంలో నేను ఖచ్చితంగా చెప్పేది ఇదొక్కటే: చీటీ లేకుండా కొనుక్కుని రోజూ మింగడం ఆపేయండి. ఆ మాత్రలు కడుపులో పుండ్లు పెడతాయి, బీపీ పెంచుతాయి, షుగర్ ఉన్న కిడ్నీల మీద ఇంకాస్త భారం వేస్తాయి. క్రియాటినిన్ చూడమన్నది అందుకే.

నేను ఎక్కువగా నమ్మే దారి నెమ్మదైనది. రోజుకు ఇరవై నిమిషాల వ్యాయామం, కొన్ని నెలలు. సరిగ్గా చేస్తే పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాది లోపల సర్దుకుంటుంది. చదవగానే అయ్యో అంత కాలమా అనిపిస్తుందని తెలుసు.

పొద్దున మెలకువ రాగానే లేవకండి. ఇందాక చెప్పినట్టు కాలు మోకాలి మీద వేసుకుని వేళ్లను వెనక్కి లాగి పది లెక్కపెట్టేదాకా ఉంచండి. అలా పదిసార్లు. ఆ తర్వాతే కాలు కింద పెట్టండి, అదీ వట్టినేల మీద కాదు, మంచం పక్కనే పెట్టుకున్న మెత్తని చెప్పుల్లోకి. ఇదే పని మధ్యాహ్నం అన్నం తిని లేచే ముందు ఒకసారి, రాత్రి ఒకసారి. రెండోది పిక్కలకు. గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మడమ నేల వదలకుండా, మోకాలు వంచకుండా ముందుకు వాలండి. అరనిమిషం. మూడుసార్లు. తర్వాత అదే భంగిమలో వెనకకాలి మోకాలు కొంచెం వంచి మరో మూడుసార్లు. పిక్క బిగుసుకుపోతే మడమను వెనక నుంచి లాగుతుంది, పాదం కింది పట్టీ మీద బరువు పెరుగుతుంది.

రెండు మూడు వారాలకు పొద్దుటి పోటు కాస్త తగ్గాక మూడోది మొదలుపెట్టండి. అసలు బలం వచ్చేది దీనితోనే. మీరు రెండో అంతస్తులో ఉంటారని రాశారు కదా, ఆ మెట్లే చాలు. తువ్వాలు చుట్టి కాలివేళ్ల కింద పెట్టుకుని, కమ్మీ పట్టుకుని, మెట్టు అంచున ముంగాళ్ల మీద నిలబడండి. మూడు లెక్కపెడుతూ మడమలు పైకి, రెండు లెక్కపెట్టేదాకా అక్కడే, మూడు లెక్కపెడుతూ కిందికి. పన్నెండుసార్లు, రోజు విడిచి రోజు. మొదట రెండు కాళ్లతో, అలవాటయ్యాక ఒక్క కాలితో. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఉండనివ్వండి. ఎంత నొప్పి ఎక్కువో తేల్చేది మర్నాటి పొద్దుటి మొదటి అడుగు. పదికి ఎన్ని మార్కులో గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ కిందే పెన్సిల్‌తో వేయండి. మర్నాడు మార్కులు పెరిగితే నిన్న ఎక్కువ చేశారన్నమాట, కొంచెం తగ్గించండి. పెరగకపోతే కొనసాగించండి. ఒకరోజు మూడు, ఒకరోజు ఆరు పడుతుంది, దిగులు పడొద్దు. నెలకోసారి చూసుకుంటే చాలు.

నీళ్ల సీసాను ఫ్రీజర్‌లో పెట్టి అరికాలి కింద దొర్లించమని అందరికీ చెబుతారు. బాగానే ఉంటుంది. మీరు మాత్రం స్పర్శ పరీక్ష అయ్యేదాకా ఆగండి. వేడి తెలియని చర్మానికి చలి కూడా తెలియకపోవచ్చు. నిద్రలో పాదం ముందుకు వాలకుండా రాత్రి కట్టుకునే స్ప్లింటు కూడా కొందరు డాక్టర్లు రాస్తారు. పనిచేస్తుంది గానీ ఏప్రిల్ మే నెలల్లో తిరుపతి ఉక్కలో అది కట్టుకుని నిద్రపోయినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

పక్కింటామె నడవొద్దన్నారు. ఆమె మాటలో సగం తీసుకోండి. మండే రోజుల్లో నిలబడే గంటలు తగ్గించడం మంచిదే. అసలు కదలకుండా కూర్చుంటే పిక్క బిగుస్తుంది, షుగర్ పెరుగుతుంది, లేచిన ప్రతిసారీ మళ్లీ మేకే. బరువు 74 కిలోలని మీరే రాసి, దాని కింద గీత గీశారు. ఎవరో ఏదో అన్నట్టున్నారు. నాలుగైదు కిలోలు తగ్గితే మడమకూ షుగర్‌కూ మేలే, కాదనను. అంతమాత్రాన నొప్పికి మీ ఒళ్లే కారణమని ఎవరన్నా అంటే పట్టించుకోవద్దు.

ఒకవేళ మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే విపరీతంగా నొప్పి పుట్టినా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఆగకపోయినా, వాపూ ఎరుపూ జ్వరమూ వచ్చినా, పాదం తిమ్మిరెక్కినా, టప్పుమని ఏదో తెగినట్టనిపించినా ఇవేవీ చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది వేరే జబ్బు కావచ్చు.

పని మానుకోవాలా అన్నారు. పదకొండేళ్ల అనుభవం, కూతురు ఇప్పుడే ఉద్యోగంలో చేరింది, భర్త సంపాదన సీజను మీద ఆధారపడింది. మానుకుంటే మడమకు విశ్రాంతి దొరుకుతుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. మానుకునే ముందు యజమానిని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. బయట తిరిగే చెప్పులు లోపలికి వద్దంటే అర్థముంది, చీరలు పాడవుతాయి. అంగట్లోనే ఉంచుకుని అంగట్లోనే వేసుకునే కొత్త జత ఒకటి అడిగితే కాదనడానికి పెద్ద కారణం లేదు. అదీ ఒప్పుకోకపోతే సిలికాన్ మెత్త ఉన్న మేజోళ్లు దొరుకుతాయి, అవి తొడుక్కోవచ్చు. మీరు నిలబడే చోట రబ్బరు మ్యాటు. కొనేవాళ్లు లేనప్పుడు కూర్చునే ఒక స్టూలు. మన పక్కనే తమిళనాడులో, చీరల అంగళ్లలో రోజంతా నిలబడే ఆడవాళ్ల కష్టం చూసి, 2021లో చట్టం సవరించి కూర్చునే ఏర్పాటు ఉండాలన్నారు. కేరళ అంతకు ముందే, 2018లో చేసింది. చిత్తూరు సరిహద్దు దాటితే ఉన్న మర్యాద ఇక్కడ అడగడం తప్పేమీ కాదు. ఒంటరిగా అడగడానికి జంకుగా ఉంటే, మీతోపాటు నిలబడేవాళ్లలో ఇంకో ఇద్దరికైనా కాళ్ల నొప్పులు ఉండే ఉంటాయి, కలిసి అడగండి.

బిల్లింగుకో ప్యాకింగుకో మార్చమని అడగడం ఇంకో దారి. కూర్చునే పని దొరుకుతుంది, అమ్మకం మీద వచ్చే కమిషన్ పోవచ్చు. పరుపుల మీద కూర్చుని ఖరీదైన చీరలు చూపించే సెక్షన్ ఒకటుంటుంది. అది చాలా అంగళ్లలో మగవాళ్లకే ఎందుకు ఇస్తారో నాకెప్పుడూ అర్థం కాలేదు. పదకొండేళ్ల అనుభవం ఉన్న మీరు అదీ అడగొచ్చు. అక్కడ కూర్చుని లేచే ముందు మాత్రం వేళ్లు వెనక్కి లాగడం మరవకండి.

ఇక మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఊరికే ఎక్కడం ఒక ఎత్తు, మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి కుంకుమ పెట్టి లేవడం ఒక ఎత్తు. వంగినప్పుడల్లా మడమ లేస్తుంది, బరువంతా వేళ్ల మీద, ఆ పట్టీ మీద పడుతుంది. అన్ని వేలసార్లు. ఉగాది లోపలే ఎక్కుతానంటే మిమ్మల్ని ఎవరూ ఆపలేరు, భక్తితో ఆ రోజు ఎక్కేయగలరు కూడా. కానీ ఆ తర్వాత నెలల తరబడి అనుభవించాల్సి రావచ్చు. స్పర్శ పరీక్షలో తేడా వస్తే వట్టికాళ్లతో ఎండకు కాగిన రాయి మీద నడవడం ఎప్పటికీ మంచిది కాదు. బొబ్బ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పుండైందో మీకు తెలియదు.

వాయిదా వేసుకుంటే? ఉగాది నుంచి కార్తీకానికి ఏడు నెలలు. దీపావళి అమ్మకాలు కూడా ముగుస్తాయి. తమిళుల పెరటాసి నెల శనివారాల తోపులాట ఉండదు. వానలుంటాయి, మెట్లు జారతాయి, అది చూసుకోవాలి. ఈ ఏడు నెలల్లో పైన చెప్పినవి చేస్తూ, నొప్పి మార్కులు రెండు మూడు దగ్గర నిలిచాక మీ ఇంటి మెట్లే వారానికి కొన్ని చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. అప్పటికీ పూర్తిగా తగ్గకపోతే మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుంది, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

శ్రీవారి మెట్టు దారి అయితే 2,388 మెట్లే, దూరం కూడా చాలా తక్కువ. కానీ అలిపిరి దారిలో గాలిగోపురం దాటాక దొరికే చదును నడక అక్కడ ఉండదు, అంతా ఎక్కుడే. పిక్కలకు అది తేలికేమీ కాదు. మీ మొక్కులో అలిపిరి పేరు చెప్పుకున్నారు కాబట్టి మీ మనసు ఒప్పుకుంటుందో లేదో మీకే తెలియాలి.

ఇంకో దారి మీ ఉత్తరంలోనే దొరికింది. మొక్కు కూతురి కోసం. ఆ అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చి పసుపు కుంకుమ తను పెడుతూ ఎక్కితే, పళ్లెం పట్టుకుని మీరు పక్కన నెమ్మదిగా నడవొచ్చు. వంగే పని తప్పుతుంది. గాలిగోపురం దగ్గర బాగా కూర్చుని, లేచే ముందు వేళ్లు లాగి, మళ్లీ కదలొచ్చు. ఏ దారిలో ఎక్కినా దిగేటప్పుడు మాత్రం మీ ఆయన జీపులోనే దిగండి. దిగడం గురించి మీరేమీ మొక్కుకోలేదు కదా.

బస్సులోనో జీపులోనో వెళ్లి దర్శనం చేసుకుని, మెట్ల మొక్కు కాలు బాగయ్యాక అని స్వామికే చెప్పుకుని రావడం కూడా ఉంది. మీ ఆయన మాట విని ఊరుకుంటే కాలు బాగానే ఉంటుంది. మీ మనసు ఊరుకుంటుందా అన్నది నా అనుమానం. నాలుగు పేజీల్లో ఒకటిన్నర పేజీ మొక్కు గురించే రాశారు.

చెప్పులేసుకుని కొండెక్కితే పాపమని అత్తగారు అన్నమయ్య కథ చెప్పారట. చిన్నవాడు చెప్పులతో ఎక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర సొమ్మసిల్లితే అమ్మవారు వచ్చి చెప్పులు విడవమన్నదని. అదే కథలో అమ్మవారు ఆకలితో పడిపోయిన పిల్లాడికి ప్రసాదం పెట్టి తినిపించింది. నాకు ఆ ముక్కే ఎక్కువ గుర్తుంటుంది. చెప్పులు వద్దనుకుంటే మెత్త ఉన్న మేజోళ్లు తొడుక్కుని తెల్లవారుజామున, రాళ్లు కాగకముందే ఎక్కండి. అలిపిరిలో పాదాల మండపం దగ్గర శ్రీవారి లోహపు పాదుకలు నెత్తిన పెట్టుకుని గుడి చుట్టూ తిరుగుతారు కదా, ఈలోగా ఒక శనివారం మీరూ అత్తగారూ వెళ్లి అది చేసి రండి. ఆవిడకు కాస్త నెమ్మది కలుగుతుంది. మీకూ.

ఉత్తరం చివర, కొట్టేసి మళ్లీ రాసిన ఒక వాక్యం ఉంది. కూతురు మొదటి జీతంతో పట్టుచీర కొనిస్తానంటే "రోజంతా చీరల్లోనే ఉండాను, నాకెందుకే" అన్నారట. చెప్పులు కొనిపెట్టమనండి. రెండు జతలు, ఒకటి ఇంటికి, ఒకటి అంగడికి. ఎంసీఆర్ చెప్పులని, అంటే మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరువి, అడిగితే ఇస్తారు. వెనక పట్టీ ఉన్నవి తీసుకోండి, అవి లేకపోతే వేళ్లతో చెప్పును పట్టుకుని నడవాల్సి వస్తుంది. చెప్పును రెండు చేతులతో వంచి చూడండి, వేళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యకు మడిచినట్టు వంగితే వద్దు. మడమ కింద బొటనవేలితో నొక్కితే కొంచెం దిగి మళ్లీ లేవాలి. కొనడానికి పొద్దున వెళ్లకండి, డ్యూటీ దిగాక రాత్రి వెళ్లండి. అప్పటికి పాదం ఉబ్బి ఉంటుంది, అప్పుడు సరిపోయినదే రోజంతా సరిపోతుంది.